అద్దె ఇంటి మీద వచ్చిన పన్ను, దాని లెక్క విప్పి చెప్పిన బృందావనం కార్యాలయం

నెల్లూరు బృందావనంలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే పన్ను సలహా కార్యాలయం పనితీరు గురించి ఈ సమీక్ష. 2025 ఆగస్టు మొదటి వారంలో నేను అక్కడ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. వెళ్లేనాటికి నా ఫోనులో మరొక కార్యాలయం వారు పది రోజుల ముందు వాట్సాప్‌లో పంపిన ఒక్క వాక్యం మాత్రమే ఉంది: "సార్, సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ 60,680 వచ్చింది, ఫోన్‌పే చేస్తే మేమే కట్టేస్తాం." రెండో సాయంత్రం నేను మెట్లు దిగేటప్పటికి ఆ మొత్తం, అంటే రిటర్ను వేసే ముందు మనమే లెక్క చూసుకుని కట్టవలసిన పన్ను, వడ్డీతో కలిపి రూ. 45,890కి తగ్గింది. తగ్గినందుకు సంతోషమే గాని, మిగిలిన దాంట్లో ప్రతి రూపాయీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసింది కనుకనే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. పేరు రాస్తానంటే, ఉన్నవాళ్లకే సమయం చాలడం లేదని అక్కడి పెద్దాయన వద్దన్నారు. అందువల్ల రాయడం లేదు.

నేను నెల్లూరులోని ఒక ప్రైవేటు కాలేజీ కార్యాలయంలో పనిచేస్తున్నాను. 2024-25 ఆర్థిక సంవత్సరానికి నా జీతం రూ. 7,60,000. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 6,85,000 మిగులుతుంది. ఆ ఏడాదికి మొత్తం ఆదాయం ఏడు లక్షలు దాటనివారికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కాలేజీ అకౌంట్స్ సెక్షన్ వారు నా జీతంలో ఒక్క రూపాయి కూడా టీడీఎస్ (జీతంలోంచే ముందుగా పట్టుకునే పన్ను) పట్టలేదు. జీతం, పన్ను వివరాలతో కాలేజీ ఇచ్చిన ఫారం 16లో పన్ను దగ్గర సున్నా చూసి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒంగోలు లాయర్‌పేటలో నాన్నగారు కట్టిన ఇల్లు ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆయన కాలం చేశాక రిజిస్టరు వీలునామా ప్రకారం అది నాకు వచ్చింది. కింది పోర్షన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి నెలకు 15,000 ఇచ్చి ఉంటున్నారు. పై పోర్షన్ అద్దె 12,000. అది ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఖాళీగా ఉండి జూన్‌లో నిండింది. నాన్నగారి పింఛను, ఈ అద్దె కలిపినా ఆయన ఆదాయం రిబేటు పరిధిలోనే ఉండేది కనుక మా ఇంట్లో అద్దెకు, పన్నుకు సంబంధం ఉందన్న ఊసే ఎప్పుడూ రాలేదు. కింది పోర్షన్ ఆయన జనవరిలో ఫోన్ చేసి, ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు కోసం మీ పాన్ నంబరు కావాలి, అద్దె ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ ఇవ్వాలట అన్నప్పుడు కూడా ఫోటో తీసి పంపి మరిచిపోయాను. ఆ పాన్ మీద ఆ అద్దె ఎవరి ఆదాయంగా నమోదవుతుందో అప్పుడే ఆలోచించి ఉండవలసింది.

మొదటి కార్యాలయం గురించి ఎక్కువ రాయవలసింది లేదు. ఫారం 16 తీసుకున్నారు, రెండు పోర్షన్లకూ కలిపి నెలకు ఎంత వస్తుందని అడిగారు, ఇరవై ఏడు వేలంటే పన్నెండుతో హెచ్చించి 3,24,000 వేశారు. ఆ మొత్తాన్ని ఇంటి ఆదాయం కింద కాకుండా ఇతర ఆదాయం గడిలో పెట్టారని తరువాత తెలిసింది. ఇంత ఎలా వచ్చిందని అడిగితే, "సిస్టమ్ చూపించింది సార్" అన్నారు. అంతకు మించి జవాబు రాలేదు. నా డబ్బు ఎవరి సొంత ఖాతాకో పంపితే వారు నా తరఫున పన్ను కడతారన్న ఏర్పాటు కూడా నాకు రుచించలేదు. వాళ్లు అడిగిన అయిదు వందల ఫీజు ఇచ్చి కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాను.

బృందావనం కార్యాలయంలో సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు మనుషులను చూస్తారు. మొదటి రోజు నా వంతు రావడానికి గంటా ముప్పావు పట్టింది. అంతసేపూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గమనించినదేమిటంటే, అక్కడి పెద్దాయన ప్రతి మనిషినీ మొదట అంకెలు అడగరు. నన్నూ అలాగే, "ముందు మీ ఇంటి సంగతి చెప్పండి సార్" అన్నారు. ఇల్లు ఎవరి పేరున ఉంది, అక్కచెల్లెళ్లకు వాటా ఉందా, వీలునామా రిజిస్టరైందా, ఏ నెలలోనైనా ఖాళీగా ఉందా, ఇంటి మీద అప్పుందా, మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను రసీదులున్నాయా, ఇది కాక వేరే ఇల్లేమైనా ఉందా అని ఒక్కొక్కటే అడిగారు. వాటా ప్రశ్న ఎందుకంటే, వీలునామా లేకుండా వారసులందరికీ ఇల్లు సంక్రమించి ఉంటే అద్దెను కూడా వాటాల ప్రకారం ఎవరి రిటర్నులో వారు చూపాలి, అంతా ఒకరి నెత్తిన వేసుకోనక్కరలేదు అన్నారు. నా విషయంలో ఆ వెసులుబాటు లేదు. వేరే ఇల్లంటే నెల్లూరు వేదాయపాళెంలో మేముంటున్న ఫ్లాటు నా పేరునే ఉందని చెప్పాను. మొదటి కార్యాలయం వారు సిద్ధం చేసిన ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం ఆ ఏడాది ఒకే ఇల్లున్నవారికి మాత్రమే పనికివస్తుందనీ, నాకు ఐటీఆర్-2 వేయాలనీ అక్కడే తేలింది. ఆ ఫ్లాటులో మేమే ఉంటున్నాము కాబట్టి దానికి లెక్కలో ఆదాయం సున్నా.

ఆ తరువాత ఆయన గోడకున్న క్యాలెండరులో అయిపోయిన జూలై కాగితం చింపి, దాని వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పై గీతలో 15,000 పన్నెండు నెలలకు 1,80,000, 12,000 పది నెలలకు 1,20,000, వెరసి 3,00,000 అని ఉంది. ఖాళీగా ఉన్న రెండు నెలలకు రాని అద్దె మీద పన్ను కట్టే పని లేదు. దాని కింద ఇంటి పన్ను 12,000. ఇక్కడ ఆయన చెప్పిన ఒక సంగతి నాకు కొత్త: ఏ ఏడాదికి బాకీ పడ్డామన్నది కాదు, ఏ ఏడాదిలో యజమాని చేతి నుంచి డబ్బు కట్టామన్నదే చూస్తారు. నేను ఒంగోలు నగరపాలక సంస్థకు ఆ ఏడాది రెండు అర్ధ సంవత్సరాలకు 8,000 కట్టడమే కాక, నాన్నగారి అనారోగ్యంలో నిలిచిపోయిన పాత బాకీ 4,000 కూడా కట్టాను, అదంతా తీసివేయవచ్చు. మిగిలిన 2,88,000లో సెక్షన్ 24(ఎ) కింద ముప్పై శాతం, అంటే 86,400 తీసేస్తే, ఇంటి మీద నా ఆదాయం 2,01,600 అయింది.

ఆ ముప్పై శాతం దగ్గర నేను కాస్త వాదించాను. ఆ వేసవిలో పై కప్పు నెమ్ము దిగుతుంటే వాటర్‌ప్రూఫింగ్‌కు, సెప్టిక్ ట్యాంకు మరమ్మతుకు కలిపి డెబ్బై వేల దాకా ఖర్చయింది. బిల్లులు కూడా సంచీలో తీసుకుని వెళ్లాను. ఆయన ఆ బిల్లులు చేత్తో ముట్టుకోకుండానే, మరమ్మతులకు రూపాయి పెట్టకపోయినా ముప్పై శాతం ఇస్తారు, రెండు లక్షలు పెట్టినా అంతే ఇస్తారు, దాని మీద బిల్లులతో పని లేదు అన్నారు. న్యాయమేనా అంటే, ఖర్చు లేని ఏడాదిలో మీరెప్పుడైనా అలా అడిగారా అని నవ్వారు.

ఇక అసలు చిక్కు ముడి ఇక్కడ ఉంది. జీతం 6,85,000, ఇల్లు 2,01,600, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 14,400 కలిపితే 9,01,000. జీతం పైన అదనంగా చేరింది 2,16,000 మాత్రమే. ఆ ఏడాది స్లాబుల్లో మూడు లక్షల వరకు ఏమీ లేదు, ఏడు లక్షల వరకు అయిదు శాతం, పది లక్షల వరకు పది శాతం. నా మట్టి బుర్రకు తోచిన లెక్క ప్రకారం రెండు లక్షల పదహారు వేల మీద పదోవంతు, మహా అయితే ఇరవై ఒకటి, ఇరవై రెండు వేలు రావాలి. వచ్చింది నలభై ఒక్క వేల పైచిలుకు. ఇదెక్కడి కాకి లెక్క అనుకున్నాను.

పెద్దాయన పెన్సిలుతో కాగితం మధ్యలో అడ్డంగా ఒక గీత గీసి, ఇది ఏడు లక్షల గడప అనుకోండి అన్నారు. మొత్తం ఆదాయం గడపకు ఇవతల ఉన్నంత కాలం లోపలి పన్ను లేకుండా పోలేదు; లెక్కకు వచ్చి, సెక్షన్ 87ఎ రిబేటుగా మాఫీ అయింది. నా జీతం ఒక్కదాని మీదే అయిదు శాతం చొప్పున 19,250 పన్ను ఉంది. అది మాఫీ కావడం వల్లనే ఫారం 16లో సున్నా కనిపించింది. అద్దె వచ్చి గడప దాటించగానే ఆ మాఫీ మొత్తం రద్దయింది. అంటే నేను కట్టినది అద్దె మీద పన్ను ఒక్కటే కాదు, అద్దె రాకపోతే మాఫీ అయి ఉండే జీతం పన్ను కూడా. ఏడు లక్షల వరకు 20,000, ఆ పైన 2,01,000 మీద పది శాతం 20,100, మొత్తం 40,100; దాని మీద నాలుగు శాతం సెస్సు 1,604; వెరసి 41,704. గడపను కొంచెమే దాటినవారికి ఒక ఊరట ఉందట: ఏడు లక్షల మీద పదివేలు ఎక్కువ వస్తే సెస్సు కాక పన్ను ఆ పదివేలకు మించకుండా తగ్గిస్తారు. కానీ ఆదాయం సుమారు 7,22,000 దాటిందంటే ఆ ఊరట కూడా ఉండదు, నేను దానికి చాలా దూరం వెళ్లిపోయాను. ఈ వివరణకు పట్టినది పది నిమిషాలు. నా దృష్టిలో ఆయనకిచ్చిన ఫీజు ఈ పది నిమిషాలకే.

మిగిలిన 4,185 వడ్డీ (రెండూ కలిపి పదులకు సర్దితే ఆ 45,890), అది గోరుచుట్టు మీద రోకటి పోటు. టీడీఎస్ పోగా ఏడాదికి పదివేలు లేదా అంతకు మించి పన్ను కట్టవలసినవారు దాన్ని ఏడాది నడుస్తుండగానే జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 తేదీలకు వరుసగా 15, 45, 75, 100 శాతం చొప్పున అడ్వాన్సు టాక్సుగా కట్టాలి. నేను ఒక్క వాయిదా కూడా కట్టలేదు కాబట్టి, వాయిదాలు తప్పినందుకు సెక్షన్ 234సి కింద 2,100, ఏడాది ముగిశాక ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు నెలకు ఒక శాతం చొప్పున సెక్షన్ 234బి కింద 2,085 పడింది. అరవై ఏళ్లు నిండి వ్యాపార ఆదాయం లేనివారికి ఈ అడ్వాన్సు టాక్సు బాధ్యతే లేదు; నాన్నగారికి ఎప్పుడూ ఇది ఎదురు కాకపోవడానికి అది కూడా ఒక కారణం. నాకు ఇంకా యాభై నాలుగే.

ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది, నేనూ పొరబడ్డాను. ఆ ఏడాది రిటర్ను వేసే గడువును ప్రభుత్వం జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కు పొడిగించింది. గడువు ఉంది కదా అని నేను తాపీగా ఉన్నాను. పొడిగించింది రిటర్ను గడువునే గాని, 234బి వడ్డీ గడియారాన్ని ఎవరూ ఆపలేదు. నెల మొదటి తేదీ దాటితే చాలు, ఆ నెలంతా లెక్కలోకి వస్తుంది. నాకైతే నెలకు 417 రూపాయలు. జూలైలోనే కట్టి ఉంటే ఆ మేరకు మిగిలేది. మొదటి కార్యాలయం వారి అరవై వేల లెక్కతో వాదించుకుంటూ నేను పోగొట్టుకున్నది ఈ నాలుగు వందల పదిహేడు.

పాత విధానంలోకి మారితే తగ్గుతుందేమోనని అడిగాను. ఆయన అప్పటికే చూసి ఉన్నారు. పొదుపుల మీద లక్షన్నర, ఆరోగ్య బీమా మీద పాతిక వేలు పూర్తిగా వాడుకున్నా, వృత్తి పన్ను తీసేసినా, వడ్డీ కాక రూ. 64,700 దాటుతుందని చూపించారు.

చెల్లింపు విషయంలో వారి పద్ధతి నాకు బాగా నచ్చింది. నా డబ్బు వారు ముట్టుకోలేదు. నా ఫోనులోనే ఆదాయపు పన్ను పోర్టల్ తెరిపించి, ఈ-పే టాక్స్‌లోకి వెళ్లి, అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అని నా చేతనే ఎంపిక చేయించారు. 2024-25లో వచ్చిన ఆదాయం కదా అని అదే అంకె నొక్కేవారు సీజనుకు పది మంది వస్తారనీ, ఆ డబ్బు తప్పు ఏడాదిలో పడితే సరిచేయించడానికి మళ్లీ తిరగాలనీ అన్నారు. అడ్వాన్సు టాక్సు గడి కాకుండా సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ అన్న గడిని, అంటే 300 నంబరును పెట్టించి, బ్యాంకు ఖాతా నుంచి కట్టించి, చలానా వచ్చాక అందులోని బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖను తెలిపే సంఖ్య), చలానా నంబరు, తేదీ రిటర్నులో ఎక్కించారు. రిటర్ను వేసిన వెంటనే ఆధార్ ఓటీపీతో ధ్రువీకరణ కూడా అక్కడే చేయించారు. ముప్పై రోజుల్లో అది చేయకపోతే వేసిన రిటర్ను వేయనట్లే. కొన్ని వారాల తరువాత శాఖ నుంచి సమాచారం వచ్చింది: కట్టవలసినది లేదు, తిరిగి రావలసినదీ లేదు. పెన్సిలు లెక్క రూపాయికి తేడా లేకుండా సరిపోయింది.

లోపాలు లేవని కాదు. టోకెన్ పద్ధతి ఉందంటారు గాని తెలిసినవారు వస్తే నేరుగా లోపలి గదిలోకి వెళ్లిపోతారు. ఫోన్ ఎత్తరు, సాయంత్రం తిరిగి చేస్తామంటారు, చేయరు. రెండు అంతస్తుల మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కటకటాలు కూడా ఒక పక్కే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పింఛనుదార్లు ఆ మెట్లెక్కడం చూస్తే కష్టం అనిపిస్తుంది. ఫీజు 1,500 అని ముందే చెప్పారు, అంతే తీసుకున్నారు, కానీ రసీదు అడిగితే గాని ఇవ్వలేదు. రిటర్ను నకలు, ఆదాయం లెక్క కాగితం కూడా రెండు సార్లు గుర్తు చేస్తేనే మెయిలులో వచ్చాయి. లెక్క ఇంత శుభ్రంగా చేసేవారు కాగితాల దగ్గర ఇంత బద్ధకిస్తే ఎలా అనిపించింది.

వెళ్లేటప్పుడు ఆయన చెప్పిన మరో రెండు సంగతులు ఇక్కడ రాయడం అవసరం. ఒకటి, అద్దె ఆదాయం సంగతి ఏప్రిల్‌లోనే కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌కు రాసి ఇస్తే, వారు దానికి తగ్గ పన్నును కూడా నెలనెలా జీతంలోనే పట్టవచ్చు. అప్పుడు వాయిదాల తేదీలు గుర్తు పెట్టుకునే బాధ, వడ్డీ రెండూ ఉండవు. రెండోది విని నేను ఒక క్షణం నమ్మలేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో రిబేటు గడప ఏడు లక్షల నుంచి పన్నెండు లక్షలకు జరిగింది కాబట్టి, ఇదే జీతం, ఇదే అద్దె అయితే మరుసటి ఏడాది నాకు పన్ను సున్నా. అంటే నలభై ఒక్క వేలు కట్టిన ఇంటి మీదే పన్నెండు నెలల తరువాత ఏమీ కట్టనక్కరలేదు. మరి ఈ ఏడాది ఇదంతా ఎందుకు నేర్చుకున్నట్టు అని నేను నవ్వుతూ అంటే, ఆయన నవ్వలేదు. గడప జరిగింది గాని పోలేదు కదా సార్ అని, అదే కాగితం అంచున మరో లెక్క వేశారు: మినహాయింపులు పోగా జీతం 11,80,000 ఉన్న మనిషికి పన్ను సున్నా, అదే మనిషికి ఇంటి పన్ను పోగా రెండు లక్షల అద్దె వస్తే, ముప్పై శాతం తీసివేశాక 1,40,000 చేరి మొత్తం 13,20,000 అవుతుంది, పన్ను సెస్సుతో 81,120. చేతికి వచ్చిన అద్దెలో అయిదింట రెండు వంతులకు మించి పన్నుకే పోతుంది. నా తరువాత కుర్చీలో ఉన్న ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు అది విని తన ఫోనులో ఏదో లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది గనుక సెక్షన్ల నంబర్లు మారాయి; పైన రాసినవి నా రిటర్ను నాటి 1961 చట్టంలోని నంబర్లు. ఆ కార్యాలయానికి వెళ్లదలచినవారు జూన్‌లోనే వెళ్లడం మంచిది. ఫారం 16, బ్యాంకు వడ్డీ వివరాలు, అద్దె ఒప్పందం, ఇంటికి హక్కు కాగితం నకలు, ఆ ఏడాది కట్టిన ఇంటి పన్ను రసీదులు అన్నీ వెంట తీసుకుని వెళ్లాలి. నేను మొదటి సాయంత్రం పాత బాకీ రసీదు ఒంగోలులో మరిచిపోయి వెళ్లాను. ఆ నాలుగు వేల కాగితం కోసం మరునాడు పొద్దున రైల్లో ఒంగోలు పోయి, బీరువాలో వెతికి, రాత్రికి తిరిగి రావలసి వచ్చింది.